విజువల్ బేసిక్ 6: విండో సైజు మారినప్పుడు ఫారంలోని కంట్రోళ్లను సరిగా అమర్చడం ఎలా?

కుందూతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నంద్యాలలో మా మేనమామగారికి ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు అమ్మే దుకాణం ఉంది. అక్కడ బిల్లులు వేసే ప్రోగ్రామును 2003లో ఒకరు విజువల్ బేసిక్ 6లో రాసి ఇచ్చారు. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు పన్నుల కోసం మరో రెండు కాలమ్‌లు కూడా వారే చేర్చారు. ఆ తర్వాత వారు ఈ పని మానుకుని, సోర్సు కోడు మొత్తం మా చేతిలో పెట్టారు. నాలుగేళ్లుగా దాన్ని నేనే చూసుకుంటున్నాను. లెక్క పైసాతో సహా సరిపోతోంది, సరుకు నిల్వ సరిగా తేలుతోంది, ప్రింటు చక్కగా వస్తోంది. అందువల్ల ప్రోగ్రామును మార్చే ఉద్దేశం మాకు లేదు.

ఇబ్బందంతా తెరతోనే వచ్చింది. బిల్లు ఫారం 800 × 600 పిక్సెళ్ల తెర కోసం గీసినది. నిరుడు పాత మానిటర్ పాడైతే 1920 × 1080 తెర కొన్నాము. ఇప్పుడు ఫారం ఎడమవైపు పైమూలన చిన్నగా కనిపిస్తోంది. మ్యాక్సిమైజ్ చేస్తే విండో తెరంతా పరుచుకుంటుంది కానీ లోపలి కంట్రోళ్లు, అంటే బటన్లు, టెక్స్ట్ బాక్సులు, గ్రిడ్ (సరుకు వరుసలు చూపే పట్టిక) ఉన్నచోటే ఉండిపోయి మిగతాదంతా ఖాళీ బూడిదరంగుగా మిగిలిపోతోంది. గ్రిడ్‌లో ఒకసారికి 9 వరుసలే కనబడతాయి కాబట్టి, 15 రకాల సరుకు కొన్న రైతు బిల్లును సరిచూడాలంటే పైకీ కిందికీ జరుపుకోవాల్సి వస్తోంది. ఎక్కువ వరుసలు కనబడాలని, అక్షరాలు కాస్త పెద్దవి కావాలని మామయ్యగారు కోరుతున్నారు.

నేను చేసిన ప్రయత్నం ఇది. ఫారం లోడ్ అయినప్పుడు ప్రతి కంట్రోల్ లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్ విలువలను దాచి, రీసైజ్ ఈవెంటులో (విండో సైజు మారినప్పుడల్లా నడిచే కోడులో) కొత్త సైజుకు పాత సైజుకు మధ్య ఉన్న నిష్పత్తితో వాటన్నిటినీ గుణించాను. కొన్ని కంట్రోళ్లకు విడ్త్ లేదని ఎర్రర్ వస్తుంటే ఆ లూప్ వరకు ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి వాక్యానికి పొమ్మనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టాను. గ్రిడ్ ఎత్తు మాత్రం లూప్ అయ్యాక విడిగా "గ్రిడ్.హైట్ = మీ.హైట్ - 3600" అని రాశాను (ఇక్కడ "మీ" అంటే ఆంగ్ల Me, ఈ ఫారం అని అర్థం). ఫలితం ఏమీ బాగాలేదు. సేవ్ బటన్ అరచేయంత అయింది. టెక్స్ట్ బాక్సులు ఎత్తుగా సాగాయి, వాటిలోని అక్షరాలు మాత్రం పాత సైజులోనే పైఅంచుకు అతుక్కుని ఉన్నాయి. గ్రిడ్ పెద్దదైనా కాలమ్‌లు సాగలేదు. రైతు వివరాలు ఉన్న రెండో ట్యాబ్ నొక్కితే అందులోని పెట్టెలన్నీ మాయమవుతున్నాయి.

అన్నిటికంటే బాధ కలిగించినది మరొకటి జరిగింది. ఖరీఫ్ మొదట్లో, దుకాణం నిండా జనం ఉన్న రోజున, మామయ్యగారు 11 రకాల సరుకు టైపు చేసి, వేరే విండోలో ధర చూడటానికి బిల్లు విండోను మినిమైజ్ చేశారు. వెంటనే రన్‌టైమ్ ఎర్రర్ 380, "ఇన్‌వాలిడ్ ప్రాపర్టీ వాల్యూ" అని వచ్చింది. ఓకే నొక్కగానే ప్రోగ్రాము మూసుకుపోయి బిల్లు మొత్తం పోయింది. ఎదురుగా నిలబడి ఉన్న రైతు మళ్లీ మొదటి నుంచి సరుకు పేర్లు చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రే నేను రాసిన మార్పులన్నీ తీసేశాను. దీన్ని సరైన పద్ధతిలో ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాతబేసిక్

మీరు ప్రశ్నను వివరంగా రాశారు కాబట్టి సమాధానం చెప్పడం సులువైంది. ముందుగా ఆ 380 సంగతి చూద్దాం, ఎందుకంటే జరుగుతున్న వ్యాపారానికి నష్టం చేసినది అదే.

రీసైజ్ ఈవెంటు మీరు అంచు పట్టుకుని లాగినప్పుడే కాదు, ఫారం మొదటిసారి తెరపైకి వచ్చినప్పుడు, మ్యాక్సిమైజ్ చేసినప్పుడు, మినిమైజ్ చేసినప్పుడు కూడా వస్తుంది. మినిమైజ్ అయిన ఫారానికి లోపలి ఎత్తు సున్నా అవుతుంది, బయటి ఎత్తు కూడా కొద్దిపాటి విలువే ఉంటుంది. దానిలోంచి మీరు 3600 తీసేస్తే ఎత్తు సున్నాకంటే తక్కువకు పోతుంది. ఏ కంట్రోలూ రుణసంఖ్యను ఎత్తుగా తీసుకోదు కనుక 380 వచ్చింది. ఎక్స్ఈగా కంపైల్ చేసిన ప్రోగ్రాములో, పట్టుకునే ఏర్పాటు లేని ఎర్రర్ ఏది వచ్చినా సందేశం చూపించి ప్రోగ్రాము ఆగిపోతుంది. కాబట్టి రీసైజ్ ఈవెంటులో మొట్టమొదటి పని, విండో మినిమైజ్ అయి ఉంటే ఏమీ చేయకుండా బయటికి రావడం.

రెండో విషయం, హైట్ వేరు, స్కేల్‌హైట్ వేరు. మీ.హైట్ అంటే టైటిల్ బార్, అంచులు, మెనూ అన్నీ కలిపిన కొలత. మీ కంట్రోళ్లు ఉండేది వాటి లోపలి భాగంలో, దాని కొలత మీ.స్కేల్‌హైట్. విండోస్ 98 పాత రూపంలో, మెనూ లేని ఫారానికి ఈ రెంటి మధ్య తేడా, విజువల్ బేసిక్ వాడే ట్విప్ అనే చిన్న కొలతలో, 405 ట్విప్‌లు, అంటే 27 పిక్సెళ్లు ఉండేది. తర్వాతి విండోస్‌లలో టైటిల్ బార్ మందం మారిపోయింది కాబట్టి, పాత తేడాను అంకెగా కోడులో రాసుకున్న ప్రోగ్రాములన్నిటిలోనూ కింది వరుస బటన్లు సగం తెగి కనిపిస్తాయి. హైట్, విడ్త్‌లను లెక్కలో వాడటం పూర్తిగా మానేయండి. స్క్రీన్.విడ్త్‌ను కూడా వాడకండి. 125 శాతం స్కేలింగ్ పెట్టిన 1920 పిక్సెళ్ల తెరపై, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) సంగతి ప్రకటించని పాత ప్రోగ్రాముకు విండోస్ 1536 పిక్సెళ్లే చూపించి, బొమ్మను తానే సాగదీస్తుంది. స్కేల్‌విడ్త్, స్కేల్‌హైట్‌లను నమ్ముకుంటే ఈ గొడవ మీదాకా రాదు.

ఇక అసలు సంగతి. అన్నిటినీ ఒకే నిష్పత్తితో సాగదీయాలన్న ఆలోచన దగ్గరే పొరపాటు మొదలైంది. స్థలం పెద్దది దొరికిందని ఇంటి గడపనూ తలుపులనూ రెండింతలు చేసుకోము, వసారా పెంచుకుంటాము. ఫారం సంగతీ అంతే. ప్రతి కంట్రోల్ గురించీ ఒక నిర్ణయం తీసుకోవాలి: ఉన్నచోటే ఉండాలా, అంచుతోపాటు జరగాలా, లేక పెరగాలా. మీ బిల్లు ఫారంలో రైతు పేరు, తేదీ, బిల్లు నంబరు పైన ఎడమవైపు ఉన్నచోటే ఉండాలి. మొత్తం చూపే పెట్టె, సేవ్, ప్రింట్ బటన్లు తమ సైజు మార్చుకోకుండా కుడివైపు కిందిమూలకు జరగాలి. పెరగవలసినది గ్రిడ్ ఒక్కటే. కొత్త తెర ఇచ్చిన జాగా అంతా దానికే దక్కితే మీ మామయ్యగారు అడిగిన వరుసలు వాటంతట అవే వస్తాయి.

కోడు రూపం ఇలా ఉంటుంది. కంట్రోళ్ల పేర్లకు బదులు మీ ఫారంలో ఉన్న పేర్లు పెట్టుకోండి. కొలతలన్నీ ట్విప్‌లలో ఉన్నాయి, మామూలు 96 డీపీఐ తెరపై పిక్సెల్‌కు 15 ట్విప్‌లు.

ప్రైవేట్ సబ్ ఫామ్_రీసైజ్()
డిమ్ వె యాజ్ సింగిల్, ఎ యాజ్ సింగిల్
ఇఫ్ మీ.విండోస్టేట్ = వీబీమినిమైజ్డ్ దెన్ ఎగ్జిట్ సబ్
వె = మీ.స్కేల్‌విడ్త్
ఎ = మీ.స్కేల్‌హైట్
ఇఫ్ వె < 9000 దెన్ వె = 9000
ఇఫ్ ఎ < 6600 దెన్ ఎ = 6600
గ్రిడ్.మూవ్ 120, 2400, వె - 240, ఎ - 3600
మొత్తం.మూవ్ వె - 2520, ఎ - 1080
సేవ్.మూవ్ వె - 1560, ఎ - 540
ఎండ్ సబ్

మధ్యలో ఉన్న రెండు ఇఫ్ వాక్యాలను గమనించండి. అక్కడ ఫారం సైజును మార్చడం లేదు, లెక్కలోకి తీసుకునే అంకెను మాత్రమే ఒక హద్దు దగ్గర ఆపుతున్నాము. వాడేవారు విండోను ఎంత చిన్నదిగా కుదించినా గ్రిడ్ ఎత్తు 3000 కంటే తగ్గదు కాబట్టి రుణసంఖ్య రావడానికి వీలే లేదు. కుదించినప్పుడు కింది బటన్లు అంచు వెనక్కి పోతాయి, విండో పెంచగానే మళ్లీ కనిపిస్తాయి. ఇంకొకటి, ప్రతిసారీ లెక్క స్కేల్‌విడ్త్, స్కేల్‌హైట్‌ల నుంచే మొదలవుతోంది. "ఫారం ఇంత పెరిగింది కాబట్టి గ్రిడ్‌ను కూడా ఇంత పెంచుదాం" అని కిందటి కొలత మీద కూడుతూ పోయే పద్ధతి పైకి సులువుగా కనిపిస్తుంది కానీ, ఒక్కసారి హద్దు తగిలిందంటే లెక్క తప్పి మళ్లీ దారికి రాదు. ఈ పొరపాటు వల్ల రెండు రోజులు వృథా చేసుకున్న అనుభవంతో చెబుతున్నాను.

కాలమ్‌ల విషయంలోనూ ఇదే నియమం. బ్యాచ్ నంబరు, పరిమాణం, ధర, పన్నులు, మొత్తం, ఇవన్నీ ఇన్ని అంకెలు పడితే చాలు అన్న కాలమ్‌లు, వాటి వెడల్పు మారనక్కరలేదు. సరుకు పేరు కాలమ్‌కు మాత్రం, గ్రిడ్ వెడల్పులోంచి మిగతా కాలమ్‌ల వెడల్పులను, నిలువు స్క్రోల్ బార్ వెడల్పును తీసేయగా మిగిలినదంతా ఇవ్వండి. స్క్రోల్ బార్ 96 డీపీఐలో సాధారణంగా 17 పిక్సెళ్లు, అంటే 255 ట్విప్‌లు ఉంటుంది. కచ్చితంగా కావాలంటే గెట్‌సిస్టమ్‌మెట్రిక్స్ అనే ఏపీఐకి (విండోస్ అందించే ఫంక్షన్‌కు) 2 అనే విలువ పంపి పిక్సెళ్లలో తెలుసుకోవచ్చు. దాన్ని, గ్రిడ్ అంచుల కోసం మరికొన్ని ట్విప్‌లను తీసేయడం మరచిపోతే అడుగున అడ్డ స్క్రోల్ బార్ వచ్చి చివరి వరుసను మింగేస్తుంది.

అక్షరాల సైజును విండో సైజుతో ముడిపెట్టకండి. పాత ఫారాలలో ఉండే ఎంఎస్ శాన్స్ సెరిఫ్ బిట్‌మ్యాప్ ఫాంటు, అది 8, 10, 12, 14 వంటి కొన్ని సైజులలోనే ఉంటుంది. 11.3 అడిగితే దగ్గరలో ఉన్నదానికి దూకుతుంది, అంచు లాగుతున్నంతసేపూ అక్షరాలు ఎగుడుదిగుడుగా మారుతుంటాయి. మెనూలో అక్షరాల సైజు ఎంచుకునే ఏర్పాటు ఒకటి పెట్టి, గ్రిడ్‌కు తహోమా ఫాంటు 12 ఇచ్చి చూడండి. వరుస ఎత్తును మాత్రం దానికి తగ్గట్టు పెంచాలి.

పిక్సెల్‌బాట

పాతబేసిక్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండో ట్యాబ్‌లోని పెట్టెలు ఎందుకు మాయమవుతున్నాయో వారు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను, ఎందుకంటే అది కోడు చూస్తే కనిపించే తప్పు కాదు.

విజువల్ బేసిక్ 6తో వచ్చే ఎస్ఎస్‌ట్యాబ్ కంట్రోల్, ఎంచుకోని ట్యాబ్‌లలోని కంట్రోళ్లను విజిబుల్ ప్రాపర్టీతో దాచదు. వాటి లెఫ్ట్ విలువలోంచి 75000 తీసేసి తెర బయటికి నెట్టేస్తుంది. ఆ ట్యాబ్ నొక్కినప్పుడు మళ్లీ 75000 కలుపుతుంది. మీ రైతు పేరు పెట్టె లెఫ్ట్ 1200 అనుకోండి. మొదటి ట్యాబ్ తెరిచి ఉన్నప్పుడు దాని అసలు విలువ -73800. మీ లూప్ దాన్ని రెండుతో గుణిస్తే -147600 అవుతుంది. తర్వాత మీరు రెండో ట్యాబ్ నొక్కితే ఎస్ఎస్‌ట్యాబ్ తన లెక్క ప్రకారం 75000 కలుపుతుంది, పెట్టె -72600 దగ్గర నిలబడుతుంది. అది ఎప్పటికీ తెరపైకి రాదు.

దీనికి నేను వాడే పద్ధతి, ఒక్కో ట్యాబ్‌లో అంచు లేని పిక్చర్ బాక్స్ ఒకటి పెట్టి, కంట్రోళ్లన్నీ దానిలోపల ఉంచడం. ఫారం సైజు మారినప్పుడు పిక్చర్ బాక్సుల విడ్త్, హైట్ మాత్రమే మార్చాలి, లెఫ్ట్ జోలికి వెళ్లకూడదు. అందుకని ఈ ఒక్కచోట మూవ్ వాడకండి. లోపలి కంట్రోళ్ల అమరికను ఆ పిక్చర్ బాక్స్ సొంత రీసైజ్ ఈవెంటులో, దాని స్కేల్‌విడ్త్‌ను బట్టి రాసుకోవచ్చు. పిక్చర్ బాక్స్ బదులు ఫ్రేమ్ వాడదామంటే, ఫ్రేమ్‌కు స్కేల్‌విడ్త్ లేదు, రీసైజ్ ఈవెంటు కూడా లేదు.

మరో రెండు మూడు చోట్ల కూడా జాగ్రత్త అవసరం. కాంబో బాక్స్ ఎత్తు రన్‌టైమ్‌లో మార్చడానికి వీలు కాదు, ఎర్రర్ 383 వస్తుంది. లైన్ కంట్రోల్‌కు లెఫ్ట్, విడ్త్ ఉండవు, రెండు చివరల కోఆర్డినేట్లు ఉంటాయి. టైమర్‌కు విడ్త్ అడిగితే 438 వస్తుంది. ఇవన్నీ మీ లూప్‌లో రెజ్యూమ్ నెక్స్ట్ కింద కనబడకుండా దాగి ఉన్నాయి. లిస్ట్ బాక్స్ ఉంటే, దాని ఇంటెగ్రల్‌హైట్ ప్రాపర్టీ ట్రూగా ఉన్నప్పుడు మీరు ఇచ్చిన ఎత్తును పూర్తి వరుసలకు సరిపడేలా అదే సరిచేసుకుంటుంది. ఇచ్చిన ఎత్తు వేరు, తిరిగి చదివితే వచ్చే ఎత్తు వేరు కాబట్టి దాన్ని చదివి తర్వాతి లెక్కకు ఆధారం చేసుకోకండి.

దూరవిద్య

ఈ బాధలన్నీ లేకుండా విజువల్ బేసిక్ డాట్‌నెట్‌కు మారిపోవచ్చు కదా అని నా అభిప్రాయం. అక్కడ ప్రతి కంట్రోల్‌కు అంచులకు కట్టిపెట్టే యాంకర్, డాక్ అనే ప్రాపర్టీలు ఉన్నాయి. గ్రిడ్‌కు నాలుగు వైపులా యాంకర్ పెడితే, ఒక్క వాక్యం కోడు రాయకుండానే పెరుగుతుంది. కనీస సైజుకు మినిమమ్‌సైజ్ అనే ప్రాపర్టీ కూడా ఉంది.

పాతబేసిక్

మీరు చెప్పిన సౌకర్యం నిజమే. కానీ ఇరవై ఏళ్లకు పైగా పైసా తేడా లేకుండా నడుస్తున్న బిల్లింగ్, స్టాకు, ప్రింటు కోడు మొత్తాన్ని ఫారం సాగడం కోసం తిరగరాయమని నేను సలహా ఇవ్వలేను. యాంకర్ ఆలోచన మాత్రం ఇక్కడికీ తెచ్చుకోవచ్చు. ప్రతి కంట్రోల్ ట్యాగ్ ప్రాపర్టీలో "కుడి", "కింద", "సాగు" వంటి గుర్తుగా ఒక్కో ఆంగ్ల అక్షరం రాసుకుని, కంట్రోల్‌కు అంచులకు మధ్య మొదట ఉన్న దూరాలను లోడ్‌లో దాచి, ఒకే చిన్న సబ్‌రొటీన్‌తో అన్ని ఫారాలనూ అమర్చవచ్చు. పది పన్నెండు ఫారాలు ఉంటే ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. ఒకటి రెండు ఫారాలకైతే నేరుగా రాసుకోవడమే మంచిది, తర్వాత చదివేవారికి తేలికగా అర్థమవుతుంది.

టూల్ బార్, స్టేటస్ బార్ లాంటివాటికి అయితే ఏ కోడూ అక్కరలేదు. పిక్చర్ బాక్స్‌కు అలైన్ ప్రాపర్టీ ఉంది, దాన్ని పైకి గాని కిందికి గాని పెడితే ఫారం వెడల్పుతోపాటు అదే సాగుతుంది.

కుందూతీరం

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు కూర్చుని అంతా మార్చాను. పాత లూప్ తీసేసి, మీరు ఇచ్చిన పద్ధతిలో 14 వాక్యాలు రాస్తే బిల్లు ఫారం సరిపోయింది. ట్యాబ్‌ల విషయంలో 75000 సంగతి చదివాక, డీబగ్ విండోలో ఆ పెట్టె లెఫ్ట్ విలువ చూశాను. అచ్చంగా పిక్సెల్‌బాట గారు చెప్పినట్టే రుణసంఖ్య కనబడింది. మూడు వారాలుగా నా లెక్కలోనే ఏదో తప్పు ఉందని వెతుకుతున్నాను.

మిగిలిన సందేహాలు మూడు. ఒకటి, అంచు పట్టుకుని లాగుతున్నప్పుడు గ్రిడ్ మిణుకుమిణుకుమంటోంది. రెండు, విండోను మరీ చిన్నది చేయనివ్వకుండా ఆపాలని ఉంది. అందుకు రీసైజ్ ఈవెంటులోనే మీ.విడ్త్‌కు కనీస విలువ ఇచ్చి చూశాను కానీ విండో వణికిపోతోంది. ఎడమ అంచు పట్టుకుని లాగితే విండో మొత్తం కుడివైపుకు జరిగిపోతోంది. మూడు, మూసేటప్పుడు విండో స్థానాన్ని సేవ్‌సెట్టింగ్‌తో దాచి మళ్లీ తెరిచినప్పుడు అక్కడే పెడుతున్నాను. నిన్న ప్రోగ్రాము తెరిస్తే టాస్క్‌బార్‌లో కనిపిస్తోంది కానీ విండో ఎక్కడా లేదు.

పిక్సెల్‌బాట

మూడోదానికి ముందు చెబుతాను. విండోను మినిమైజ్ చేసి ఉంచి, టాస్క్‌బార్ మీద నుంచే మూసి ఉంటారు. మినిమైజ్ అయిన విండోను విండోస్ -32000 పిక్సెళ్ల దగ్గర ఉంచుతుంది, అది ట్విప్‌లలో -480000. మీరు దాచినది ఆ అంకె. విండోస్టేట్ వీబీనార్మల్ అయినప్పుడు మాత్రమే స్థానాన్ని దాచండి. ఇప్పటికే దాగి ఉన్న విలువను, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ప్రస్తుత యూజర్ సాఫ్ట్‌వేర్ విభాగం కింద వీబీ అండ్ వీబీఏ ప్రోగ్రామ్ సెట్టింగ్స్ అనే చోట తీసేయవచ్చు. తెరిచేటప్పుడు కూడా, చదివిన స్థానం తెర హద్దులలో ఉందో లేదో చూసుకుని వాడండి, రేపు మానిటర్ మారినా ఇబ్బంది ఉండదు.

మిణుకుమనడానికి కారణం, లాగుతున్నంతసేపూ రీసైజ్ ఈవెంటు వస్తూనే ఉండటం. ప్రతిసారీ గ్రిడ్ తనను తాను మళ్లీ గీసుకుంటుంది, ఒక్కో కాలమ్ వెడల్పు మార్చినప్పుడల్లా మరోసారి గీసుకుంటుంది. ఎంఎస్‌ఫ్లెక్స్‌గ్రిడ్‌కు రీడ్రా అనే ప్రాపర్టీ ఉంది. మొదట దాన్ని ఫాల్స్ చేసి, మూవ్, కాలమ్ వెడల్పులు అన్నీ అయ్యాక ట్రూ చేయండి. లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్‌లను నాలుగు వాక్యాలుగా రాసిన చోటు ఇంకా ఏదైనా మిగిలి ఉంటే మూవ్‌గా మార్చండి, నాలుగు సార్లు కదిలేది ఒక్కసారే కదులుతుంది. ఫారం మీద నేరుగా గీసిన గీతలు, అక్షరాలు ఉంటే రీసైజ్ చివర మీ.రిఫ్రెష్ అవసరం. విండో చిన్నదైనప్పుడు కొత్తగా బయటపడే భాగం ఉండదు కాబట్టి పెయింట్ ఈవెంటు రాదు, పాత గీతలు అలాగే మిగిలిపోతాయి.

కనీస సైజుకు సరైన దారి, విండోకు వచ్చే సందేశాలను మన ఫంక్షన్ ముందుగా అందుకునే సబ్‌క్లాసింగ్. అంచు లాగడానికి ముందే విండోస్ డబ్ల్యూఎం గెట్‌మిన్‌మ్యాక్స్ఇన్ఫో అనే సందేశం పంపుతుంది, దాని విలువ హెక్సాలో 24, మామూలు అంకెలలో 36. సెట్‌విండోలాంగ్ ద్వారా మన ఫంక్షన్‌ను అడ్రస్‌ఆఫ్‌తో తగిలించి, ఆ సందేశంతో వచ్చే స్ట్రక్చరులో కనీస వెడల్పు, ఎత్తు రాస్తే విండో ఆ హద్దు దగ్గర వణుకు లేకుండా ఆగిపోతుంది. కొలతలు ట్విప్‌లలో కాకుండా పిక్సెళ్లలో ఇవ్వాలి. ఫంక్షన్ ఫారంలో కాకుండా స్టాండర్డ్ మాడ్యూల్‌లో ఉండాలి.

పాతబేసిక్

సబ్‌క్లాసింగ్ గురించి ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. అది తగిలించి ఉండగా, డెవలప్‌మెంటు వాతావరణంలో స్టాప్ బటన్ నొక్కినా, కోడులో ఎండ్ వాక్యం నడిచినా, విజువల్ బేసిక్ మొత్తం కుప్పకూలుతుంది, దాచుకోని పని పోతుంది. ఫారం అన్‌లోడ్ అయ్యేటప్పుడు పాత విండో ప్రొసీజరును తప్పక తిరిగి పెట్టాలి. ఇంత ప్రమాదం ఒక దుకాణం బిల్లు ఫారానికి అవసరమా అన్నది నా సందేహం. లెక్కలో వెడల్పు, ఎత్తులకు పెట్టిన హద్దులు ఉన్నాయి కాబట్టి విండో చిన్నదైనా ప్రోగ్రాముకు ఏ హానీ లేదు. దుకాణంలో దాన్ని ఎప్పుడూ మ్యాక్సిమైజ్ చేసే వాడతారు కూడా. ఫారం విండోస్టేట్‌ను డిజైన్‌లోనే మ్యాక్సిమైజ్‌డ్‌గా పెడితే సరిపోతుంది.

మీ.విడ్త్‌కు విలువ ఇచ్చే వాక్యాన్ని మాత్రం వెంటనే తీసేయండి. అది రీసైజ్ ఈవెంటు లోపలి నుంచి మరో రీసైజ్ ఈవెంటును పుట్టిస్తుంది. విండో మ్యాక్సిమైజ్ అయి ఉన్నప్పుడు ఆ వాక్యం నడిస్తే ఎర్రర్ 384 వస్తుంది, అంటే మళ్లీ పాత కథే. మరొక మాట, కోడు రాసి పరీక్షించడం పూర్తయ్యాక, రీసైజ్ ఈవెంటు మొదట్లో ఆన్ ఎర్రర్ గోటూతో చివరికి వెళ్లిపోయే ఏర్పాటు పెట్టండి. పరీక్షించేటప్పుడు పెట్టవద్దు, తప్పులు కనబడకుండా పోతాయి. దుకాణంలో నడిచే ఎక్స్ఈలో మాత్రం, ఒక బటన్ తన చోటికి జరగలేకపోయినంత మాత్రాన రైతు బిల్లు పోకూడదు.

పిక్సెల్‌బాట

ఒప్పుకుంటున్నాను. నేను సబ్‌క్లాసింగ్ వాడినవి అనేక విండోలు పక్కపక్కన పెట్టుకుని పనిచేసే ప్రోగ్రాములు, అక్కడ దాని అవసరం వేరు. మీ ఫారానికి పాతబేసిక్ గారి మాటే సరైనది.

కుందూతీరం

సబ్‌క్లాసింగ్ జోలికి వెళ్లలేదు. విడ్త్ వాక్యం తీసేసి, విండోస్టేట్‌ను మ్యాక్సిమైజ్‌డ్‌గా పెట్టి, రీడ్రా చేర్చాను. ఇప్పుడు అంచు లాగినా గ్రిడ్ నిలకడగా ఉంటోంది. ఎక్స్ఈ తయారు చేసే ముందు, సగం బిల్లు టైపు చేసి ఉండగా 20 సార్లు మినిమైజ్ చేసి తెరిచాను, టాస్క్‌బార్ నుంచి మూసి తెరిచాను, మానిటర్ రెజల్యూషన్‌ను 1024 × 768కు మార్చి చూశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. తర్వాతే ఎర్రర్ పట్టుకునే వాక్యం పెట్టి కంపైల్ చేశాను.

తహోమా 12తో, వరుస ఎత్తు 450 ట్విప్‌లు పెడితే తెర మీద ఒకేసారి 24 వరుసలు కనిపిస్తున్నాయి. సరుకు పేరు కాలమ్‌కు జాగా పెరిగింది కాబట్టి మందు పేరు, డబ్బా సైజు తెగిపోకుండా పూర్తిగా చదవగలుగుతున్నాము. నిన్న 17 రకాల బిల్లు వచ్చింది. మామయ్యగారు సేవ్ నొక్కే ముందు మానిటర్‌ను కౌంటర్ అవతలి వైపుకు తిప్పి, రైతు వేలుతో ఒక్కో వరుసా చూపిస్తూ సరిచూసుకునేదాకా ఆగి, అప్పుడు ప్రింటు ఇచ్చారు. ఇన్నాళ్లూ ఆ పని కాగితం చేతికి వచ్చాక జరిగేది, తేడా ఉంటే బిల్లు రద్దు చేయాల్సి వచ్చేది.

స్టాకు ఫారం, బాకీల ఫారం ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి. వాటిలో బాకీల ఫారానికి రెండు గ్రిడ్‌లు, మధ్యలో ఒక గీత ఉన్నాయి. పై గ్రిడ్‌కు స్థిరమైన ఎత్తు ఇచ్చి, మిగిలిన జాగా అంతా కింది గ్రిడ్‌కు ఇవ్వాలనుకుంటున్నాను. వచ్చే ఆదివారం రాసి, ఏదైనా చిక్కు వస్తే ఇక్కడే అడుగుతాను.